పూడ్చే ముందు ఒక్కసారి చూడండి

ఈసారి మేము జబ్బును గురించి గాని, మందును గురించి గాని వ్రాయడం లేదు. ఒక కందకం గురించి వ్రాస్తున్నాము. నర్సులకు కందకాలతో పనేమిటని మీరు అడగవచ్చు. ఒకప్పుడు మేమూ అలాగే అనుకున్నాము. అలా అనుకున్నందుకు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాము.

పద్మనాభం మండలంలోని ఒక పల్లెలో మా ఆసుపత్రి నడిపే చిన్న వైద్యశాల ఉంది. దాని వెనుక 60 మీటర్ల దూరంలో రెండు గదుల ఇల్లు ఒకటి ఉంది. నెలలు నిండిన గర్భిణీ స్త్రీలు దూరపు ఊళ్ళ నుండి వచ్చి, తల్లితోనో అత్తగారితోనో అక్కడ ఉంటారు. ఆ ఇల్లు కట్టడానికి దాతలు సంతోషంగా ముందుకు వచ్చారు. వారి పేర్లు చెక్కించిన రాయి గోడకు అమర్చాము. అయితే ఆ ఇంటికి కరెంటు, నీళ్ళు ఎలా చేరాలన్నది ఎస్టిమేటులో ఎవరూ వ్రాయలేదు. చివరకు సరుగుడు కర్రలు పాతి వైరు లాగాము. నీళ్ళు ఆయమ్మ బిందెలతో మోసేది. వానాకాలంలో అదే కర్రలకు ఇనుప తీగ కట్టి బట్టలు ఆరేసేవారు. బట్టల తీగకు కరెంటు పాకి తల్లులు చనిపోయిన వార్తలు చదివి కూడా మేము దానిని చూసీ చూడనట్లు ఊరుకున్నాము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి వీచింది. స్తంభాలు వరుసగా పడిపోయాయి. నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక పంపులు ఆగాయి, పంపులు ఆగి కుళాయిలు ఎండిపోయాయి. కరెంటు పోతే నీళ్ళు కూడా పోతాయని ఆ వారం మా వార్డులలో మేము కళ్ళారా చూశాము. పల్లెలో మా సరుగుడు కర్రలు ఒక్కటీ మిగలలేదు. తరువాత ప్రపంచ బ్యాంకు ఋణంతో చేపట్టిన విపత్తు పునరుద్ధరణ పథకంలో విశాఖ నగరంలో విద్యుత్ తీగలను భూమి లోపలికి మార్చే పని మొదలైంది. నగరానికి మంచిదైనది పల్లెకూ మంచిదేనని మేమూ కందకం తవ్వించాము.

ఇక్కడే మేము తప్పు చేశాము. డబ్బు మిగులుతుందని మామూలు వైరును ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, నీళ్ళ పైపు పక్కనే ఒకే కందకంలో వేయించాము. లోతు మోకాలి వరకు కూడా లేదు. సాయంత్రానికి పూడ్చేశారు. చూడడానికి మేము ఎవరమూ వెళ్ళలేదు. రెండేళ్ళకు ఎక్కడో పైపు కారి నేల చిత్తడి అయింది. పనికి వచ్చిన కుర్రవాడు గునపం పట్టుకొని అడిగాడు: "సిస్టరమ్మ గారూ, తవ్వీమంటారా? కింద ఇంకేటైనా ఉందా?" ఏమీ లేదు బాబూ, తవ్వు అన్నాము. మాకు నిజంగా గుర్తు లేదు. మూడో దెబ్బకు గునపం వైరులో దిగింది. ఆయమ్మ పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపింది గనుక అతడు బ్రతికాడు. అరచేతిలో కాలిన మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుచేత మా అభిప్రాయం ఇది. వైద్యశాలకు అనుబంధంగా ఏ చిన్న గది కట్టినా, కరెంటు కందకం, నీళ్ళ కందకం ఆ కట్టడంలో భాగమే. వాటికి డబ్బు మొదటి ఎస్టిమేటులోనే ఉండాలి. పూడ్చే ముందు అక్కడి నర్సు స్వయంగా చూడాలి. నేల పైన ఉన్న లోపం అందరికీ కనబడుతుంది. పూడ్చిన లోపం గుర్తు పెట్టుకున్నవారికే తెలుస్తుంది, గుర్తు పెట్టుకున్నవారు బదిలీ అయి వెళ్ళిపోతారు.

ఏమి చూడాలి? కరెంటు పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. మనం చూడవలసినవి కొన్నే. కేబులు ఉక్కు తొడుగు ఉన్న ఆర్మర్డ్ కేబులు అయి ఉండాలి. ఎలుకలు, చెదలు ఉన్న మన ఎర్ర నేలలో మామూలు వైరు ఎక్కువ కాలం నిలవదు. లోతు కనీసం 75 సెంటీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. కింద ఇసుక, దానిపై కేబులు, మళ్ళీ ఇసుక, ఆపైన వరుసగా ఇటుకలు, ఇంకా పైన హెచ్చరిక టేపు. ముందు ముందు గునపం దిగినా మొదట టేపు, తరువాత ఇటుక ఆపుతాయి. దూరం ఎక్కువైన కొద్దీ కేబులు లావుగా ఉండాలి. లేకపోతే మోటారు వేసినప్పుడల్లా దీపం మసకబారుతుంది. చివర ఉన్న గదికి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తనంతట తానే ఆగిపోయే లీకేజి బ్రేకరు, సరైన ఎర్త్ తప్పనిసరి. దాని టెస్టు బటన్ నెలకొకసారి నొక్కి చూడాలి.

నీళ్ళ పైపుకు వేరే కందకం కావాలి. అతుకులు లేకుండా చుట్టగా వచ్చే నల్ల పాలిథిన్ పైపు మంచిది. అతుకు తగ్గితే కారడం తగ్గుతుంది. మరుగుదొడ్డి గుంటకు, మురుగు పైపుకు కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. నీళ్ళు ఆగినప్పుడు పగిలిన పైపు చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. టైఫాయిడ్, కామెర్లు అలాగే బాలింత గదిలోకి వస్తాయి. కొత్త పైపును వాడకముందు 1000 లీటర్ల నీటికి 150 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, 24 గంటలు నింపి ఉంచి, ఆ నీళ్ళు త్రాగకుండా పారబోసి, వాసన పోయేవరకు కడగాలి. రోజూ వాడే నీటిలో కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్‌తో ఎవరైనా చూడవచ్చు. ప్రపంచంలో ప్రతి నాలుగు ఆరోగ్య కేంద్రాలలో ఒకదానికి ప్రాథమిక నీటి సదుపాయం లేదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తెలియజేశాయి. చేతులు కడుక్కోమని మేము పాఠాలు చెబుతాము. కుళాయి లేని గదిలో ఆ పాఠం ఎందుకు పనికివస్తుంది?

ఇంత ఖర్చు పల్లెకు ఎందుకని కొందరు పెద్దలు అన్నారు. పైన వేసిన వైరు తెగితే వెంటనే కనబడుతుంది, భూమిలో తెగితే వెతకాలి కదా అని కూడా అన్నారు. ఆ రెండు మాటలలోనూ నిజం ఉంది. మా రెండో కందకానికి మొదటి దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అయింది. కాని మొదటి కందకం చౌక కాదు. దాని ఖరీదు ఆ కుర్రవాడు తన అరచేతితో చెల్లించాడు. వెతకడానికి మార్గం కూడా సులువే. కందకం తెరచి ఉండగానే ఫొటో తీయండి. గోడ మూల నుండి ఎన్ని అడుగులో కొలిచి పటం గీయండి. దానిని స్విచ్ బోర్డు పక్కనే గోడకు పెయింటుతో వ్రాయించండి. కాగితం పోతుంది, గోడ ఎక్కడికీ పోదు.

ఎవరికైనా షాకు కొడితే వారిని ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. వీలు కాకపోతే పొడి నేలపై నిలబడి పొడి కర్రతో వైరును తప్పించండి. 108కి ఫోను చేయండి. స్పృహ, ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సహాయం వచ్చేవరకు నొక్కండి. బాగానే ఉన్నానని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి.

ఇప్పుడు ఆ రెండు గదుల ఇంటిలో రాత్రి దీపం వెలుగుతుంది, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. దాతల పేర్ల రాయికి ఎదురుగా, స్విచ్ బోర్డు పక్కన, ఎర్ర పెయింటుతో మా కందకాల పటం ఉంది. కింద ఇంకేటైనా ఉందా అని ఈసారి ఎవరైనా అడిగితే, మేము సమాధానం చెప్పము. ముందు ఆ గోడ దగ్గరకు తీసుకువెళ్తాము. మీ ఊరి వైద్యశాలలోనూ, బడిలోనూ అటువంటి గోడ ఒకటి ఉండేలా చూడవలసిందిగా మనవి.