అర్థం తెలియని పాట

"సంగీతానికి భాషేమిటండీ? స్వరం చాలదా?" అని మా ఊరి సభలో ఒక పెద్దాయన నన్ను దబాయించారు. త్యాగరాజ కీర్తనలో తెలుగు మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరిచి పాడారేమని అడిగిన పాపానికి నాకు దక్కిన జవాబది. పాడినావిడకు తెలుగు రాదు గనక తప్పు పట్టకూడదట! తమిళనాట పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, ఈ మాట చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

నా సాక్షి మరియా కాలాస్. 1923లో న్యూయార్కులో గ్రీకు దంపతులకు పుట్టింది. సంగీతం నేర్చింది ఏథెన్సులో. పేరు తెచ్చుకున్నది ఇటాలియన్‌లో పాడి. పాటగా సాగే నాటకాన్ని ఒపెరా అంటారు. వెర్డీ ఒపెరా 'లా ట్రావియాటా' 1853 నాటిది. అందులో వయొలెట్టా పారిస్ వేశ్య, క్షయరోగి. ప్రియుడి తండ్రి వచ్చి ఇంటి పరువు కోసం తన కొడుకుని వదులుకొమ్మంటే వదులుకుంటుంది. 1958లో లిస్బన్‌లో కాలాస్ ఆ పాత్ర పాడిన రికార్డును కథ చేతిలో పెట్టుకుని విన్నాను.

చివరి అంకంలో ఆ తండ్రి రాసిన ఉత్తరం చదువుతుంది. అక్కడ పాట లేదు, వట్టి మాటే. వెనక తొలిప్రేమ నాటి వరస సన్నగా వినిపిస్తుంది. చదవడం ముగించి, ఇక ఆలస్యమైపోయిందని ఆమె అన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఆ తర్వాతి వీడ్కోలు పాటలో చివరి స్వరం ఊపిరందని మనిషిదిలా, దారంలా సన్నబడుతుంది. ఆమె గొంతు వణుకుతుందనీ, పైస్థాయిలో కరకు తేలుతుందనీ వంకలు పెట్టినవారున్నారు. ఉండనివ్వండి. చావబోయే మనిషికి నున్నని గొంతెందుకు?

"ఇటాలియన్ రాని నీకే ఒళ్లు జలదరిస్తే, భాష అక్కర్లేదనేగా?" అని పెద్దాయన పట్టుకోవచ్చు. కాదండీ! వినేవాడికి రాకపోయినా ఫరవాలేదు, పాడేవాడికి రాకపోతే కుదరదు. ప్రతి మాటా అర్థమెరిగి పలికింది గనకనే అర్థమెరగని నాదాకా వచ్చింది.

ఇటాలియన్ ఆమె తల్లిభాష కాదు. నేర్చుకుంది. తెలుగు నేర్చి, పదం చెదరకుండా పాడే తమిళ విద్వాంసులూ ఉన్నారు, వారికి నా దండం. మిగతావారికి ఒకటే మనవి. త్యాగయ్య తెలుగులో పాడుకున్నది మీ కావేరి ఒడ్డునే, తిరువయ్యారులోనే. తెలుగువాళ్లం మీ వీధిలోనే ఉన్నాం. కచేరీకి ముందు మా ఇళ్లలో ఏ ముసలమ్మనైనా పిలిచి అర్థం అడగండి. కాఫీ ఇచ్చి మరీ చెబుతుంది.