సాధనమా? సాధనా?

మన విద్యార్థులలో ఛాయాచిత్రకళపై ఆసక్తి ఏటేటా పెరుగుతున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే దానితోపాటు ఒక నమ్మకం కూడా వారి మనస్సులలో గట్టిగా నాటుకొన్నది. మంచి చిత్రం తీయాలంటే ఖరీదైన కెమెరా ఉండితీరవలెనని, అది లేనివారు ఈ కళ జోలికి పోరాదని ఆ నమ్మకం. ఇటీవల ఒక అంతర కళాశాల పోటీ ప్రకటనలో సెల్‌ఫోనుతో తీసిన చిత్రాలను స్వీకరింపబోమని వ్రాసి ఉండగా, ఆసక్తి గల మన విద్యార్థినులు కొందరు పేర్లు ఇవ్వకుండానే వెనుదిరిగినారు. మరొకవైపు, లక్ష రూపాయలకు పైబడిన కెమెరా ఒకటి కళాశాలకు కొనవలసిందిగా విద్యార్థి బృందమొకటి కమిటీవారికి అర్జీ పెట్టుకొన్నది. కాబట్టి ఇది కేవలం సరదాకు సంబంధించిన ప్రశ్న కాదు. ఈ కళలోకి ఎవరు రావచ్చును, కళాశాల ధనం దేనికి ఖర్చు కావలెను అన్న విషయాలు దీనితో ముడివడి ఉన్నవి.

నా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాను. ఖరీదైన కెమెరా, తీయగలిగిన చిత్రాల హద్దును విస్తరింపజేస్తుంది. తీసేవారి చూపును మాత్రం విస్తరింపజేయదు.

కెమెరా పుట్టుకను గమనిస్తే ఈ సంగతి తేటపడుతుంది. ఆ మాటకు లాటిను భాషలో గది అని అర్థం. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ సుమారు వెయ్యేళ్ల క్రితం ‘కితాబుల్ మనాజిర్’ అనే గ్రంథంలో కాంతి స్వభావాన్ని చర్చించినాడు. చీకటి చోటికి ఒక చిన్న రంధ్రం ఉంచి, దాని ఎదుట కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల వెలిగిస్తే, లోపల ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క వెలుగు మచ్చ కనిపిస్తుందని, ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ మాత్రమే మాయమవుతుందని చూపినాడు. అన్నీ ఒకే రంధ్రం గుండా పోయినా కిరణాలు తమలో తాము కలసిపోవు. ఆ ప్రయోగంలో లెన్సు లేదు, బ్యాటరీ లేదు. నేటి అతి ఖరీదైన కెమెరా సైతం ఆ చీకటి గదికి వారసురాలే.

తరువాతి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1900లో కొడాక్ కంపెనీ ఒక డాలరు వెలకు బ్రౌనీ అనే డబ్బా కెమెరాను బజారులో పెట్టినప్పుడు ఈ విద్య సామాన్యుల చేతికి వచ్చింది. మన దేశంలో ఆ పనిని కొంతవరకు ఆగ్ఫా క్లిక్ 3 వంటి చిన్న కెమెరాలు చేసినవి. ఫిలిం చుట్టకు పన్నెండు బొమ్మలు, లెన్సు మిక్కిలి సాదా. అయినా అటువంటి కెమెరాలు, ఊరి స్టూడియోలు నిలిపి ఉంచిన మన తాతల ముఖాలను ఇప్పటికీ ఆల్బములలో చూసుకొంటున్నాము గదా!

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ‘గొప్పవారందరూ గొప్ప కెమెరాలే వాడినారు కదా?’ అని అడుగవచ్చును. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. హైదరాబాదుకు కీర్తి తెచ్చిన రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద బొమ్మలు తీసే బరువైన కెమెరాలు వాడినారు. అవి సామాన్యునికి అందేవి కావు. అయితే అటువంటి కెమెరాలు ఆ కాలపు దొరలకు, ఇతర స్టూడియోలకు కూడా ఉండినవి. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వోద్యోగం చేసి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి చేరి ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన ఈయనను వారందరినుండి వేరు చేసినది కెమెరా వెల అనలేము. 1892లో ఆయన హైదరాబాదులో ఒక జనానా స్టూడియోను నెలకొల్పినారు. గోషా పాటించే స్త్రీలు నిస్సంకోచంగా చిత్రం తీయించుకొనేందుకు వీలుగా దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించినారు. ఎంత వెల పెట్టి కొన్న లెన్సూ ఆ తలుపును తెరువగలిగేది కాదు. ఎదుటివారి మర్యాదను ఎరిగిన బుద్ధి దానిని తెరిచినది.

ఈ సందర్భంలోనే పోటీకి పేర్లు ఇవ్వక వెనుదిరిగిన మన విద్యార్థినులను తలచుకోవలెను. వారు ప్రవేశింపగలిగిన ఇళ్లలోకి, వారిని చూసి ముఖం తిప్పుకోని నానమ్మల చెంతకు, పెళ్లినాటి మెహందీ వేడుకలలోకి లక్షల కెమెరా పట్టిన పరాయివాడు అడుగు పెట్టలేడు. అటువంటివారిని చేతిలోని పరికరాన్ని చూసి పోటీనుండి తొలగించడం వలన ఎంతటి చిత్రాలను పోగొట్టుకొంటున్నామో నిర్వాహకులు ఆలోచించవలెను.

ఫ్రాన్సు దేశపు ఆంరీ కార్టియే బ్రెసాన్ వాడిన లైకా కూడా చౌక కెమెరా కాదు. కాని ఆయనను ఆకర్షించినది దాని చిన్నతనం. చాలావరకు 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కదానితోనే జీవితకాలం పని చేసినాడు. 1948 జనవరి 30న గాంధీజీని కలసి వచ్చిన కొద్దిసేపటికే హత్య వార్త తెలిసి తిరిగి బిర్లా భవనానికి పరుగెత్తినాడు. ఆ రాత్రి నెహ్రూ గేటు వద్ద నిలబడి ప్రజలకు ఆ దుర్వార్త చెబుతుండగా తీసిన చిత్రం మసకగానే ఉన్నది. ఆ మసక వలన దాని విలువ తగ్గలేదు. ఆ క్షణంలో ఆ గేటు వద్ద ఉండడమే అక్కడ ప్రధానమైనది.

ఇంతమాత్రాన పరికరంతో పనే లేదని వాదించడం అసత్యమవుతుంది. కొల్లేటి కొంగను దూరంనుండి తీయవలెనన్నా, రాత్రివేళ కబడ్డీ ఆటగాని కూతను, దూకును పట్టవలెనన్నా సెల్‌ఫోను చాలదు. దాని సెన్సారు చిటికెన వ్రేలి గోరంత. పెద్ద కెమెరాలలో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. వెలుతురు తగ్గినప్పుడు, బొమ్మను పెద్దది చేసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. పెళ్లిళ్లకు వెళ్లి జీవనం సాగించే ఫోటోగ్రాఫరు, ఒక కార్డు చెడినా మరొక దానిలో బొమ్మలు నిలిచే కెమెరా కొనుక్కోవడం విలాసం కాదు. నికాహ్ ఘట్టాన్ని మళ్లీ జరిపించలేము కదా!

అయితే పరికరం తగినదై ఉండడం వేరు, ఖరీదైనదై ఉండడం వేరు. ఒక ఉదాహరణ చెబుతాను. కెమెరాతోపాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు దూరపు కొసన ఎఫ్ 5.6 వరకే తెరుచుకొంటుంది. మిక్కిలి చౌక లెన్సులలో ఒకటైన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దానికన్న దాదాపు పది రెట్లు కాంతిని లోనికి రానిస్తుంది. అనగా మసక వెలుతురులో ఆ జూముతో సెకనులో పదవ వంతు పట్టే బొమ్మను దీనితో నూరవ వంతులో తీయవచ్చును. చేతి వణుకు చాలావరకు కనబడదు. ఈ చిన్న లెక్క తెలియనివాడు లక్ష పెట్టి కెమెరా కొని దానికి మందమైన లెన్సు తగిలించి, బొమ్మ చెడినదని మరింత పెద్ద కెమెరా కోసం చూస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు ఉంటుంది అతని పరిస్థితి.

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు కాతిబు కథ తెలియనిది కాదు. ఆయన ఖలం ఒక రెల్లు పుల్ల. దాని వెల స్వల్పం. కాని దాని మొన వాలు వెంట్రుకవాసి తప్పినా నస్తాలీఖ్ అక్షరం సొంపు కోల్పోతుంది. కాబట్టి ఆయన పుల్లను ఎంతో శ్రద్ధగా చెక్కుకొంటాడు. బంగారు పుల్ల కావలెనని కోరడు. తాటాకు మీద గంటంతో వ్రాసిన మన తెలుగు కవుల సంగతీ అంతే. గంటం వెండిదైనంత మాత్రాన పద్యం పండదు. తెలుగులో సాధనం, సాధన అన్న రెండు మాటలు ఎంత దగ్గరగా ఉన్నవో చూడండి! మొదటిదానిని ఒక్క రోజులో కొనవచ్చును. రెండవదానిని ఏ అంగడిలోనూ అమ్మరు.

ఇక కమిటీవారికి నా సూచనలు. ఒకటి: ఒక్క ఖరీదైన కెమెరాకు బదులు మామూలు కెమెరాలు రెండింటిని, పైన చెప్పిన చౌక లెన్సును కొని, గ్రంథాలయ పుస్తకాలవలె రిజిస్టరులో వ్రాసుకొని విద్యార్థులకు ఇవ్వవలెను. మిక్కిలి ఖరీదైన వస్తువు పాడవుతుందన్న భయంతో బీరువాలోనే ఉండిపోతుంది. తాళంచెవి గుమాస్తాగారి వద్ద, కోరిక విద్యార్థి వద్ద మిగులుతాయి. రెండు: మిగిలిన సొమ్ములో కొంత బొమ్మలను కాగితంపై అచ్చు వేయించడానికి కేటాయించి, నెలకొకసారి వరండా గోడపై ప్రదర్శించవలెను. ఫోను తెరపై అందంగా కనిపించిన బొమ్మలోని లోపం అచ్చులో తెలుస్తుంది. పదిమంది ఎదుట నిలిచినప్పుడు మరింత తెలుస్తుంది. కెమెరా కొని అచ్చుకు డబ్బు లేదనడం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లే. మూడు: మన కళాశాల నిర్వహించే పోటీలలో ఏ పరికరంతో తీసినా అభ్యంతరం లేదని స్పష్టంగా ప్రకటించవలెను.

విద్యార్థులకు కూడా ఒక మాట. అప్పు చేసి కెమెరా కొనవద్దు. చేతిలో ఉన్నదానితోనే ఒక వీధిని ఎన్నుకొని నెల రోజులు తిరగండి. ఉదయపు ఏటవాలు ఎండలో ఒకసారి, పొద్దు వాలినాక ఒకసారి అదే గోడను, అదే బండిని, అదే టీకొట్టును తీయండి. నీడ ఎక్కడికి జరిగినదో వ్రాసుకోండి. జూము తిప్పడానికి ముందు రెండు అడుగులు ముందుకు వేయండి. మనిషిని తీసేముందు అనుమతి అడగండి. తీసిన తరువాత బొమ్మను వారికి చూపండి. నెల గడిచిన పిమ్మట ‘నా కెమెరా ఇంతకు మించి చేయలేకపోతున్నది’ అని కచ్చితంగా ఒక కారణం చెప్పగలిగితే, అప్పుడు మరొక పరికరం అడగడానికి మీకు అర్హత వచ్చినట్లే. ఆ కారణం చెప్పగలిగినవారికి ఏ పరికరం కావలెనో కూడా తెలిసే ఉంటుంది.

కమిటీవారు ఆ అర్జీని పరిశీలించేటప్పుడు కెమెరా పేరును, వెలను చూచి నిర్ణయం చేయవద్దని, అది వారానికి ఎందరు విద్యార్థుల చేతులలో ఉంటుందన్న ప్రశ్న అడుగవలెనని నా మనవి.