మొదటి ఐదు రౌండ్లు

మొన్న ఎన్‌సీసీ క్యాంపులో కొత్త పాయింట్ టూ టూ రైఫిల్ మొదటిసారి చేతికొచ్చింది. రేంజిలో అందరూ దాంతో ఫోటో దిగారు. నేను దిగలేదు. పొగరనుకున్నారు, అనుకోనీ.

మన్యం, తుపాకీ అనగానే మీకు 1922 ఆగస్టు 22, చింతపల్లి స్టేషన్ దాడి గుర్తొస్తుంది. మాది డుంబ్రిగుడ మండలం, మాకు గుర్తొచ్చే తేదీ వేరు. 2018 సెప్టెంబరు 23. మా లివిటిపుట్టు దగ్గరే ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని మావోయిస్టులు కాల్చి చంపారు. తర్వాత చాన్నాళ్లు టపాకాయ పేలినా అమ్మ తలుపేసేసేది.

అందుకే మొదటి రౌండుకి రెండు కళ్లూ మూసేశాను. అది ఎటో పోయింది. మిగతా నాలుగూ ఎడమవైపు కింద, ఒకేచోట పడ్డాయి. స్కోరు చూసి మావాళ్లు ఒకటే నవ్వు. ఉస్తాద్ మాత్రం "నాలుగూ గుంపుగా పడ్డాయిగా, సైటు సరిచేస్తే మధ్యలోకొస్తాయి" అన్నారు.

నా మాటేంటంటే, మొదటిరోజు అసలు స్కోరే రాయకూడదు. గ్రూపింగ్ చూస్తే చాలు. మార్కుల కంగారులో ట్రిగ్గర్ మెల్లగా నొక్కాల్సింది పోయి లాగేస్తాం. పైగా నాలాంటివాడికి ఆ చప్పుడు అలవాటవడానికే ఐదు రౌండ్లూ కావాలి.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఫోటో మాత్రం అడక్కండి.