నోటికి మార్కులేవి?

నంద్యాలలో పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ బడికి ఫస్ట్ బెల్లుకల్లా చేరుకుంటాను. తొమ్మిదో తరగతి మగపిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం నా ఉద్యోగం. గొంతు మారే వయసు. పక్కోడు నవ్వుతాడని ఒక్కడూ నోరు విప్పడు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్చమంటే మాత్రం గైడు చూసి చకచకా రాసేస్తారు.

వెనక బెంచీవాడొకడి నాన్న శిల్పి. ఓ సాయంత్రం వాళ్ల షెడ్డు దగ్గర ఆగాను. బెంగళూరు నుంచి ఫోనొస్తే, నాన్న ఉలి దించకుండానే కొడుక్కి సైగ చేశాడు. 'సర్, సిక్స్ ఫీట్, బ్లాక్ స్టోన్. ట్రాన్స్‌పోర్ట్ ఎక్స్‌ట్రా. హాఫ్ అడ్వాన్స్, సర్.' వాడు రాతిపొడి చేత్తో చెమట తుడుచుకుంటూ బేరం తెంచేశాడు. నన్ను చూసి, 'ఊరికే సార్' అని సిగ్గుపడ్డాడు. బడి పరీక్షలో వాడివి అత్తెసరు మార్కులు.

2019లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం అంటూ జీవో ఇచ్చారు, 2020లో హైకోర్టు కొట్టేసింది. 2023లో ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్‌ను బడుల్లోకి తెచ్చారు, ప్రభుత్వం మారాక అదీ పోయింది. ఇంత రభసలోనూ, పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాట్లాడినందుకు ఒక్క మార్కూ లేదన్న సంగతి ఎవరూ గట్టిగా అడగ్గా నేను వినలేదు. మార్కు రానిదాన్ని పిల్లలెందుకు పట్టించుకుంటారు? మేమూ పట్టించుకోం, సిలబస్ తరుముతుంటుంది.

నూటికి ఇరవై మార్కులు మాటకు కేటాయించాలి. అహోబిలానికి దారి చెప్పమనండి, సోనామసూరి బస్తా బేరమాడమనండి. పక్క మండలం టీచరొచ్చి వింటే సరిపోతుంది. దొంగ మార్కులు పడతాయంటారా? ఇంటర్ ప్రాక్టికల్స్‌కూ ఆ మాటే అంటారు, అయినా వాటిని ఎత్తేయలేదు కదా.