గీజర్ కొనేముందు నీళ్లను కొలవండి: కర్నూలు ఫ్లాట్‌కు ఢిల్లీ రివ్యూ సరిపోదు

నవంబర్ వస్తే చాలు, గీజర్ల రివ్యూలు వరసపెట్టి వస్తాయి. 25 లీటర్ల ట్యాంక్, వైఫై, వాయిస్ కంట్రోల్, ఫైవ్ స్టార్. పక్కనే టాప్ టెన్ రూమ్ హీటర్ల లిస్టు. చూసి చూసి మనకూ ఒకటి కావాలేమో అనిపిస్తుంది. కానీ వీటిలో చాలామటుకు ఉత్తరాది చలిని మనసులో పెట్టుకుని చేసినవి. కర్నూలు, కడప వైపు గ్యాస్ లేకుండా వంట, స్నానం అన్నీ కరెంటు మీదే నడిచే ఫ్లాట్లలో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఫీచర్లు చూసి కాదు, డిగ్రీలు లెక్కపెట్టి కొనండి. లెక్కపెడితే మనకు కావాల్సింది షాపులో ముందు చూపించే మోడల్ కంటే చాలా చిన్నదని తేలుతుంది.

రూమ్ హీటర్ అక్కర్లేదు

మనకు డిసెంబర్, జనవరి రాత్రుల్లో సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీలు ఉంటుంది. పగలంతా ఎండ తిన్న స్లాబు, గోడలు రాత్రికి గదిని వెచ్చగానే ఉంచుతాయి. ఫ్యాన్ ఆపి, కిటికీ వేసి, దుప్పటి కప్పుకుంటే సరిపోయే చలి ఇది. దీనికి 2 కిలోవాట్ల హీటర్ గంట నడిపితే 2 యూనిట్లు. ఆయిల్ హీటరైనా, ఫ్యాన్ హీటరైనా, క్వార్ట్జ్ హీటరైనా యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒక్కటే. "తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి" అని బాక్స్ మీద రాసి ఉంటే నమ్మకండి. ఇంట్లో పసిపిల్లలో, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లో ఉంటే అది వేరే సంగతి.

కాబట్టి మనకు హీటింగ్ అంటే అసలు ఖర్చు ఉడుకునీళ్లదే.

బకెట్ లెక్క

ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.19 కిలోజౌళ్లు కావాలి. ఏ కంపెనీ గీజరైనా ఇందులో మార్పు లేదు. మన ట్యాంక్ నీళ్లు చలికాలం పొద్దున 24 డిగ్రీలు అనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు బాగా వెచ్చన. అంటే పెంచాల్సింది 16 డిగ్రీలే. 20 లీటర్ల బకెట్‌కు అయ్యే కరెంటు 0.37 యూనిట్. అదే ఢిల్లీలో నీళ్లు 12 డిగ్రీలు ఉంటే 28 డిగ్రీలు పెంచాలి, 0.65 యూనిట్ అవుతుంది.

ఈ తేడా వల్లే రివ్యూ తీర్పు తలకిందులవుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌ను అక్కడివాళ్లు "ధార సన్నగా వస్తుంది, చలికి ఆనదు" అని పక్కన పెడతారు. వాళ్ల నీళ్లకు అది నిజమే, నిమిషానికి లీటరున్నర మాత్రమే 40 డిగ్రీలకు వస్తుంది. మన నీళ్లకైతే అదే గీజర్ నిమిషానికి 2.7 లీటర్లు ఇస్తుంది. ఏడెనిమిది నిమిషాల్లో బకెట్ నిండుతుంది. మెషీన్ మారలేదు, నీళ్లు మారాయి. మీ ఇంటి లెక్క తెలియాలంటే ఒక థర్మామీటర్ తీసుకుని పొద్దున ఆరింటికి కొళాయి నీళ్లలో పెట్టండి. అన్ని రివ్యూల కంటే ఆ అంకె ఎక్కువ చెప్తుంది.

ఇప్పుడు ట్యాంక్ గీజర్ సంగతి. 15 లీటర్లను 60 డిగ్రీల దాకా కాచితే 0.63 యూనిట్. చన్నీళ్లు కలుపుకుంటే దాదాపు 34 లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి. ఇంట్లో ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే ఆ వేడి వృథా కాదు. ఒక్కడే ఒక బకెట్ వాడుకుని ఆఫీసుకు పోతే మాత్రం 0.26 యూనిట్ వేడి ట్యాంక్‌లోనే చల్లారిపోతుంది. స్టార్ రేటింగ్ కొలిచేది ఈ చల్లారడాన్నే. అంటే ఫైవ్ స్టార్ గీజర్ నీళ్లను తక్కువ కరెంటుతో కాచదు, కాచినవాటిని ఎక్కువసేపు వేడిగా ఉంచుతుంది. పది నిమిషాల ముందు స్విచ్ వేసి, స్నానం కాగానే ఆపేసేవాళ్లకు స్టార్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

బిల్లులో ఈ యూనిట్లు ఎక్కడ పడతాయి?

2022-23 టారిఫ్ ప్రకారం మన రాష్ట్రంలో ఇళ్లకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. ఇండక్షన్ స్టవ్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ ఉన్న ఫ్లాట్‌లో గీజర్ యూనిట్లు పై స్లాబులో పడతాయి. కాబట్టి సగటు ధరతో కాదు, మీ ఆఖరి స్లాబు ధరతో లెక్క వేయండి. ముగ్గురికి రోజుకు మూడు బకెట్లంటే నెలకు 34 యూనిట్ల లోపే. 6 రూపాయల స్లాబులో 200, 8.75 స్లాబులో 300 లోపు.

ఇక్కడే హీట్ పంప్ మీద మోజు పడే మన బ్యాచ్‌కు ఒక మాట. టెక్నాలజీగా అది అద్భుతం, ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన వెచ్చటి గాలికి ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ మనం నెలకు మిగుల్చుకునేది 200 రూపాయల లోపు, అది కూడా నాలుగు నెలలు. ఏడాదికి 800 కోసం పదుల వేలు పెట్టడం హాస్టల్‌కో, హోటల్‌కో లాభం గానీ ముగ్గురున్న ఫ్లాట్‌కు కాదు.

రాయి, నీళ్లు, ఎర్త్

మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పునీళ్లే. బేతంచెర్ల, కడప నాపరాళ్లు ఇచ్చే సున్నపురాయి నేలే నీళ్లలోకీ కరుగుతుంది. ఆ సున్నం హీటింగ్ ఎలిమెంట్ మీద పొరలుగా పేరుకుంటుంది. నీళ్లు ఎంత ఎక్కువ కాగితే అంత ఎక్కువ. అందుకే థర్మోస్టాట్‌ను 75కు కాదు, 50-55 దగ్గర పెట్టండి. ట్యాంక్ గీజర్ కొంటే లోపలి మెగ్నీషియం రాడ్ మార్చే వీలుందో లేదో, మీ ఊరికి సర్వీస్ మనిషి వస్తాడో లేదో కొనేముందే అడగండి. వైఫై ఉందా అన్న ప్రశ్న దాని తర్వాతే.

3 కిలోవాట్ల గీజర్ సుమారు 13 ఆంప్స్ లాగుతుంది. దానికి 16 ఆంప్స్ సాకెట్, సరైన వైరు ఉండాల్సిందే. పక్కన 2 కిలోవాట్ల ఇండక్షన్ కూడా నడిస్తే మొత్తం 22 ఆంప్స్. బిల్లు మీద రాసి ఉండే మీ లోడ్ ఎంతో ఒకసారి చూసుకోండి.

బకెట్‌లో వేసే రాడ్ హీటర్ కూడా అంతే కరెంటు తీసుకుంటుంది. 1.5 కిలోవాట్ల రాడ్ పావుగంటలో మన బకెట్‌ను కాస్తుంది. అన్నిట్లోకీ చవక, అన్నిట్లోకీ ప్రమాదం కూడా. ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి, ప్రతిసారీ. నిద్రమత్తులో ఉన్న రూమ్మేట్‌కు ఈ నియమం గుర్తుంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే చవకే అయినా నేను దాన్ని సిఫార్సు చేయను. మిగిల్చిన డబ్బుతో ఎర్త్ చెక్ చేయించి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ను గట్టిగా అడగండి. ఇంట్లో మొదటి సేఫ్టీ గ్యాడ్జెట్ అదే.

సొంత ఫ్లాటయితే మిద్దె వైపు చూడండి

గని-శకునాల దగ్గర 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్క్ మన జిల్లా ఎండకు సాక్ష్యం. ఆ ఎండ మన మిద్దె మీదా కాస్తుంది. పై అంతస్తువాళ్లకు, అసోసియేషన్ ఒప్పుకుంటే, సోలార్ వాటర్ హీటర్ మంచి ఎంపిక. కింది అంతస్తుల్లో పైపులో ఉన్న చన్నీళ్లు పోయేదాకా కొళాయి తిప్పి ఉంచాలి, నీళ్ల కరువున్న మన ఊళ్లో అదీ ఖర్చే. ఉప్పునీళ్ల బాధ దానికీ తప్పదు.

అద్దెకుండే ఒకరిద్దరికి నా ఓటు ఐఎస్ఐ మార్కున్న 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్‌కే. ముగ్గురు నలుగురు వరసగా స్నానం చేసే ఇంటికి 15 లీటర్ల సాదా ట్యాంక్. 25 లీటర్ల స్మార్ట్ మోడల్ మీద పెట్టబోయే డబ్బు మిగిలితే ఫిబ్రవరి దాకా దాచుకోండి. మన ఊళ్లో అసలు పరీక్ష చలిది కాదు, మార్చిలో మొదలయ్యే ఎండది.