కూలివాని దమ్మిడీకి లెక్క, కోటీశ్వరుని మూటకు ముసుగు

1926వ సంవత్సరపు కార్మిక సంఘముల చట్టమున 16వ విభాగమని యొకటి యుండెను. దానిని చదివినవారు మన పఠనమందిరములలో నూటికొక్కరైన నుందురో లేదో సందేహము. అందలి విధి యిది: కార్మిక సంఘము తన సామాన్య నిధినుండి రాజకీయ కార్యములకు దమ్మిడీయైన వెచ్చింపరాదు. వెచ్చింపదలచినచో అందుకై వేరొక నిధి నేర్పరచవలెను. ఆ నిధికి చందా యిచ్చుటయు మానుటయు సభ్యుని యిష్టము. ఈయనివానిని సంఘమునుండి వెడలగొట్టరాదు. వానికి మరియే కొరతయు చేయరాదు. ఇంగ్లండులోని 1913వ సంవత్సరపు చట్టమును చూచి వ్రాసికొన్న విధి యిది. 2020వ సంవత్సరపు పారిశ్రామిక సంబంధముల కోడు పాత చట్టమును తొలగించియు, ఈ విధిని మాత్రము పదిలముగా తన కడుపులో దాచుకొన్నది.

ఈ విధి చెడ్డదని మేమనము. ఒకని కష్టార్జితమును వాని మనస్సునకు సరిపడని రాజకీయమునకు వాని యనుమతి లేక వినియోగించుట అన్యాయమే. మేమడుగునది వేరొకటి. ఈ ధర్మము మిల్లు గేటువద్ద ఏల ఆగిపోవలెను? గేటునకు వెలుపల నిలిచిన కూలివాని అర్ధణాకు వర్తించిన న్యాయము, మేడమీది గదిలో కూర్చున్న డైరెక్టరుల చేతిలోని కోట్లకు ఏల వర్తింపదు? కంపెనీ ధనము డైరెక్టరుల పిత్రార్జితము కాదు; అది వాటాదారులది. ముసలితనమునకై నాలుగు రూకలు కూడబెట్టి వాటా కొన్న బడిపంతులును అందు భాగస్వామియే. అయినను బోర్డువారు ఒక తీర్మానము వ్రాసికొన్న చాలును. ఆ పంతులుగారి నడుగ నక్కరలేకయే ఆయన సొమ్ము ఆయనకు గిట్టని పక్షపు పెట్టెలో పడును. ఆయనకు వేరు నిధియు లేదు, ఈయనని చెప్పు హక్కును లేదు.

ఈ తారతమ్యము నిన్న మొన్న పుట్టినది కాదు. 1918 ఏప్రిల్ 27వ తేదీన చెన్నపురిలో బి.పి. వాడియాగారి అధ్యక్షతన మదరాసు కార్మిక సంఘము వెలసెను. పెరంబూరునందలి బకింగుహాము, కర్ణాటిక్ మిల్లుల కూలివాండ్రు అందు చేరిరి. ఆ మిల్లుల నేలుచుండిన బిన్నీ కంపెనీవారు సంఘముతో మాటలాడుటకు మారుగా హైకోర్టు మెట్లెక్కిరి. కూలివాండ్రను కూడగట్టుట ఒడంబడికను భంగపరుప పురికొల్పుటయే యని వాదించి, వాడియాగారిపై నిషేధపుటుత్తరువు పొందిరి. ఆయన సంఘమునుండి తొలగుటతోగాని ఆ వ్యాజ్యము సద్దుమణగలేదు. 1921లో మరల సమ్మె జరుగగా ఆగస్టు మాసమున పోలీసులు కాల్పులు సాగించిరి. ఆ కాల్పులకు ముందే, వాడియాగారిపై వచ్చిన నిషేధపుటుత్తరువును చూచి ఎన్.ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో సంఘములకు చట్టరక్షణ కావలెనని తీర్మానము తెచ్చిరి. దానికి ఫలముగా ఐదేండ్ల పిదప వచ్చినది 1926వ సంవత్సరపు చట్టము. కనుక అది దొరల దయాభిక్ష కాదు. పెరంబూరు కూలివాండ్రు వెల యిచ్చి కొన్న హక్కు.

అది పరాయి ప్రభుత్వము, బిన్నీవారు పరాయి వర్తకులు. ఇంతకంటె నేమి యాశింపగలమని నాటివారు సరిపుచ్చుకొనిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఏమి జరిగినదో విచారింతము.

1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు రాజకీయ నిధులకు చందాలిచ్చుటకై తమ నిబంధనావళిని మార్చుకొనగోరి బొంబాయి హైకోర్టు నాశ్రయించిరి. చట్టమున అడ్డములేదు గనుక ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లాగారు అనుమతించిరి. అనుమతించుచునే, ఇట్టి చందాలవలన ప్రజాప్రభుత్వమునకు గొప్ప కీడు మూడగలదని, పార్లమెంటు ఈ విషయము నాలోచింపవలెనని హెచ్చరించిరి. 1969లో పార్లమెంటు కంపెనీల చందాలను నిషేధించెను; 1985లో ఆ నిషేధము నెత్తివేసెను. నిషేధకాలమున సొమ్ము బల్లక్రింద నడచెనందురు, నిజమే కావచ్చును. దొంగ యున్నాడని తలుపునే పెరికివేయుట మాత్రము ఏ యింటివాడును చేయడు. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము ఒక హద్దు పెట్టినది: కడచిన మూడేండ్ల లాభముల సగటులో నూటికి 7.5 వంతులకు మించి ఈయరాదు, ఎవరికిచ్చిరో లెక్కలలో చూపవలెను. 2017లో ఆర్థిక చట్టమను పేర ఆ హద్దును, ఆ లెక్కను ఒక్క వ్రేటున తీసివేసిరి. లాభములేని కంపెనీయు ఇష్టము వచ్చినంత ఈయవచ్చునట! నష్టములోనున్నవాడు దానమెట్లు చేయునని అడిగినవారికి సమాధానము లేదు. రిజర్వు బ్యాంకు ముందుగనే అభ్యంతరము తెలిపినది. ఎన్నికల సంఘము తిరోగమనమని వ్రాసినది. వినువారు లేకపోయిరి.

2018లో ఎన్నికల బాండ్లు వచ్చినవి. కొన్నవాని పేరు స్టేటు బ్యాంకునకు తెలియును. ఆ బ్యాంకు ప్రభుత్వముది. ఓటు వేయు ప్రజకు మాత్రము తెలియదు. ఆరేండ్లలో 16,500 కోట్ల రూపాయలకు మించి బాండ్లు అమ్ముడుపోయినవి. 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీముకోర్టు ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ పథకమును, దానితోపాటు హద్దులేని చందాలకు దారితీసిన సవరణమును కొట్టివేసిరి. మార్చి మాసమున పేర్లు బయటపడినవి. 2019 ఏప్రిల్ నుండి లెక్క చూచిన, కేంద్రము నేలు భారతీయ జనతాపక్షమునకు ముట్టినది 6,000 కోట్లకు పైమాట. తృణమూల్, కాంగ్రెసు, భారత రాష్ట్ర సమితి ఒక్కొక్కటి వేయి కోట్లు దాటినవి. మన యాంధ్రదేశపు పక్షములు రెండును వందల కోట్లు పుచ్చుకొన్నవి. కొన్నవారిలో రెండవ స్థానము హైదరాబాదు కాంట్రాక్టు కంపెనీయగు మేఘా ఇంజనీరింగుది, 966 కోట్లు. ఏ బాండు ఏ మేలునకు బదులని నిర్ణయించుట మా పని కాదు. అది న్యాయస్థానముల పని. మే మనునది ఒక్కటే: వర్తకుడు గిట్టుబాటు చూడనిదే గవ్వయైన విదల్పడు. వానిని లోభియనుట లేదు. వాని వృత్తిధర్మమే అది. పుచ్చుకొన్న పక్షములలో ఒక దానిని తిట్టి మరొకదానిని మెచ్చు ఉద్దేశము మాకు లేదు. తాము పుచ్చుకొనక, కోర్టుకెక్కి పోరాడిన మార్క్సిస్టు పక్షమువారి రాజకీయములు మాకు సమ్మతములు కాకున్నను, ఈ విషయమున వారి నిజాయితీని అంగీకరింపక తప్పదు.

మూటలు చేతులు మారుచున్న ఆ యేండ్లలోనే ప్రభుత్వమెవరి మొర నాలకించెనో రెండు లెక్కలవలన తెలియును. 2019 సెప్టెంబరు 20వ తేదీన ఒక్క ఆర్డినెన్సుతో కంపెనీల పన్ను నూటికి 30 నుండి 22కు దిగినది. ఖజానాకు ఏటేట 1,45,000 కోట్ల నష్టమని ఆర్థికమంత్రిణియే సెలవిచ్చిరి. అదే సంవత్సరము జూలైలో దేశమంతటికి కనీసపు కూలి మట్టమును ప్రభుత్వము పెంచినది. ఎంత పెంచినది? దినమునకు 176 రూపాయలుండగా 178 చేసినది. రెండు రూపాయలు! తాను నియమించిన నిపుణ సంఘమే 375 రూపాయలని ఆ యేటి మొదటనే చెప్పియుండెను. రెండు రూపాయలకు ఇప్పుడు ఏ అంగడిలో ఏమి దొరకునో గృహిణులే చెప్పగలరు.

పిమ్మట 2020 సెప్టెంబరు వచ్చినది. దేశము మహమ్మారితో తల్లడిల్లుచుండగా, ప్రతిపక్షములు సభను విడిచియుండగా, పారిశ్రామిక సంబంధముల కోడును రెండు దినములలో రెండు సభలును దాటించిరి. 2025 నవంబరు 21వ తేదీన నాలుగు కార్మిక కోడులును అమలులోనికి వచ్చినవి. అందలి సమ్మె నిబంధన చదువదగినది. పూర్వము నీరు, విద్యుచ్ఛక్తి వంటి ప్రజోపయోగ సేవలకు మాత్రమే యుండిన నోటీసు విధి ఇప్పుడు ప్రతి పరిశ్రమకును వర్తించును. సమ్మెకు పదునాలుగు దినముల ముందు నోటీసు ఈయవలెను. నోటీసు అందగానే అధికారి రాజీకి పిలుచును. రాజీ సమావేశము మొదలైనంతట సమ్మె నిషిద్ధము. అది ముగిసిన పిమ్మట ఏడు దినములును నిషిద్ధమే. తగవు ట్రిబ్యునలుకు పోయినచో అచట తీరువరకును, తీరిన పిమ్మట అరువది దినములును నిషిద్ధము. అనగా సమ్మె హక్కు కాగితముమీద నుండును. సమ్మె చేయగల దినము మాత్రము పంచాంగమున దొరకదు. సగముమంది కూలివాండ్రు ఒక్కనాడు సెలవు పెట్టినను అది సమ్మెయే యట. అక్రమ సమ్మెకు చేరినవానికి వేయి నుండి పదివేల వరకు జరిమానా, లేదా నెల చెర, లేదా రెండును. అక్రమ సమ్మెకు తెలిసి సొమ్ము ఖర్చుపెట్టినవానికిని శిక్ష కలదు. సమ్మెకు గంజి పోసిన చేతికి సంకెల, పక్షమునకు కోట్లు పోసిన చేతికి సన్మానము!

ఇక యజమానికి దొరకిన దేమి? నూరుగురికి మించి పనివారున్న కర్మాగారమును మూయుటకు, పనివారిని తీసివేయుటకు ప్రభుత్వానుమతి కావలసియుండెను, ఇప్పుడు మూడువందలు. ఇరువదిమంది కాంట్రాక్టు కూలీలకు వర్తించుచుండిన రక్షణ ఇక ఏబదిమందికి గాని వర్తింపదు. కేంద్రము చూపిన త్రోవను మన రాష్ట్రములును పట్టినవి. 1946లో అంబేద్కరుగారు కార్మికశాఖను వహించియుండగా వారమునకు 54 గంటల పనిని 48కి దింపిరి. 2025లో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో దినమునకు పది గంటల పనికి అనుమతించినది. ఆంధ్రప్రదేశము కర్మాగారములలో తొమ్మిది గంటలను పది చేసి, విశ్రాంతి లేని పనిని ఐదు గంటలనుండి ఆరుకు పెంచినది. వారమునకు 48 గంటల హద్దు అట్లే యున్నదని మంత్రులు చెప్పుదురు. కాంట్రాక్టరు క్రింద పనిచేయు కూలివాడు ఆ హద్దు దాటెనని ఎవరితో చెప్పుకొనును?

ఇరువది తొమ్మిది పాత చట్టముల చిక్కుముడిని విప్పితిమని, పెట్టుబడులు వచ్చునని, నియామక పత్రము తప్పనిసరి చేసితిమని కోడులను సమర్థించువారు చెప్పుదురు. నియామక పత్రము మంచిదే. ఇంటింటికి సరకు మోయు కుర్రవాండ్ర పేరు మొదటిసారిగా చట్టమున చేరుటయు మంచిదే. చట్టములు చిక్కుపడియుండెననుటయు నిజము. అయితే ముడి విప్పుటకు కూలివానితో కూర్చుండవలదా? ప్రభుత్వము, యజమాని, కార్మికుడు మువ్వురును కూర్చుండు కార్మిక మహాసభ 1942 నుండి మనకు కలదు. 2015 జూలైలో దాని 46వ సమావేశము జరిగెను. నాలుగు కోడులును పార్లమెంటును దాటిన 2020 సెప్టెంబరు వరకు మరియొక సమావేశము పిలువబడలేదు. పెండ్లికూతురును అడుగకయే ముహూర్తము పెట్టిరి.

సంఘములవారికిని రెండు మాటలు చెప్పవలసియున్నది. 1920లో లజపతిరాయిగారి అధ్యక్షతన పుట్టిన అఖిల భారత కార్మిక మహాసభ ఒక్కటి. నేడో, ప్రతి పక్షమునకు తన వెనుక నడచు సంఘమొకటి. అందుచే తమ పక్షము గద్దె నెక్కినంత గొంతు తగ్గుటయు, దిగినంత హెచ్చుటయు అలవాటైనది. ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఈ శతాబ్దారంభమున కర్మాగారములలో ఐదుగురిలో ఒకడు కాంట్రాక్టు కూలివాడు. నేడు ఐదుగురిలో ఇద్దరు. వాని జట్టు పట్టించుకొనక పర్మనెంటు ఉద్యోగుల బోనసుకై పోరాడుచు కూర్చున్న సంఘము, తన క్రింది నేల కరగిపోవుట చూడలేదు. ఒకే యంత్రమువద్ద ఇద్దరు నిలిచి, ఒకనికి మూడవవంతు జీతము ముట్టుచుండ, రెండవవాని సంఘమునకు బలమెట్లు కలుగును? బొంబాయి బట్టల మిల్లుల రెండున్నర లక్షలమంది 1982లో సమ్మెకట్టి, విరమణ ప్రకటనయైన లేక క్రుంగిపోయిన నాడే ఈ పాఠము నేర్వవలసినది.

మనవాడు వి.వి. గిరిగారు బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను కూడగట్టి పెద్దవాడైనవారు. 1954లో కేంద్ర కార్మిక మంత్రిగా నుండగా, బ్యాంకు గుమాస్తాల జీతములపై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును మంత్రివర్గము మార్చినదని రాజీనామా యిచ్చి వెడలిరి. ఆయనను నొప్పించినది ఒక్క తీర్పు. 2020లో నూరేండ్ల హక్కులు ఒక్క వారములో మారినవి. ఆ పీఠములనుండి లేచినవా డొక్కడును లేడు.

సుప్రీముకోర్టు బాండ్లను కొట్టివేసినను ఎన్నికల ట్రస్టుల ద్వారము తెరచియే యున్నది. మా కోరిక క్రొత్తది కాదు, పాత చట్టములోనిదే. కార్మిక సంఘమునకు పెట్టిన విధినే కంపెనీకిని పెట్టుడు. రాజకీయమునకు వేరు నిధి, అందు చేరుటకు వాటాదారుని సమ్మతి, ఈయనివానికి కొరత లేకుండుట, ఇచ్చిన మొత్తము పేరుతో సహా ఆ నెలలోనే ప్రకటించుట. దీనివలన ఏ పరిశ్రమయు మూతపడదు. మన పట్టణములకు ఓట్లడుగ వచ్చు అభ్యర్థులను, వారే పక్షమువారైనను సరే, పఠనమందిరమునకు పిలిచి ఈ బిల్లుకు చేయెత్తుదురా లేదా యని అడిగి, వారి జవాబును గోడమీద వ్రాసియుంచవలసినదిగా మా పాఠకులను కోరుచున్నాము.