దిక్కు తోచనప్పుడు

విద్యాసంవత్సరము ముగియు దినములలో పదవ తరగతి బాలబాలికలను "ఇక ముందేమి చేయుదురు?" అని ప్రశ్నించుట అందరికిని అలవాటు. బంధువులు అడుగుదురు, ఇరుగుపొరుగువారు అడుగుదురు, దారిని పోవువారును నిలిచి అడుగుదురు. కొందరు తడుముకొనక ప్రత్యుత్తరమిత్తురు. ఒకడు ఇంజనీరు నగుదుననును. ఒకతె డాక్టరు నగుదుననును. ఎక్కువమంది మాత్రము తల వంచుకొని "తెలియదండి" అందురు. ఆ మాటను మేము బహు సంవత్సరములుగా వినుచున్నాము. తడుముకొనక చెప్పినవారి జవాబుకన్న తల వంచుకొన్నవారి జవాబే తరచుగా సత్యమునకు దగ్గరగా నుండునని మాకు తోచుచున్నది. మొదటివారిలో అనేకులు ఇంటనో వీధిలోనో విన్న మాటను తిరిగి చెప్పుచుందురు. రెండవవారు తమ మనస్సులోనికి చూచుకొని చెప్పుచుందురు.

అయినను తెలియకుండుట సుఖమైన స్థితి కాదు. తోటివారందరును తలకొక దారిని పోవుచుండగా తాను మాత్రము కూడలిలో నిలిచిపోయినట్లుండును. చదువు రుచింపదు, ఆటయు రుచింపదు. "నా వలన ఎవరికేమి ప్రయోజనము?" అను ప్రశ్న రాత్రివేళ వచ్చి నిద్రను చెరచును. ఇది పదునైదేండ్ల పిల్లలకు మాత్రమే కలుగు బాధయని పెద్దలు తలంపరాదు. మగ్గము మూలబడిన నేతగానికిని, రెండేండ్లు వరుసగా పంట చేతికి రాని రైతునకును, పిల్లలు దూరదేశములకు వెళ్లగా ఇంట ఒంటరిగా మిగిలిన తల్లికిని, ఉద్యోగవిరమణ చేసిన మరునాటి ఉదయమున ఎక్కడికి పోవలెనో తోచని ఉపాధ్యాయునికిని ఇదే బాధ కలుగుచుండును. కావున ఈ నాలుగు మాటలు విద్యార్థుల నుద్దేశించినవే యైనను వారి తల్లిదండ్రులును చదువవలెనని కోరుచున్నాము.

మా అభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. జీవితమునకు దిక్కు అనునది ఒక మూల కూర్చుండి ఎంత ఆలోచించినను దొరకదు. దగ్గరనున్న పనిని చేతబట్టి, ఎదుటివారి అక్కరను శ్రద్ధగా చూచినప్పుడు అది కొంచెము కొంచెముగా తెలియవచ్చును.

ఈ విషయమున మనలో మూడు పొరపాటు తలంపులు వ్యాపించియున్నవి.

మొదటిది, దారి యంతయు బయలుదేరకమునుపే కనబడవలెనను తలంపు. రాత్రివేళ నీరు పెట్టుటకు పొలమునకు పోవు రైతు చేతిలోని దీపము నాలుగడుగుల మేర మాత్రమే చూపును. ఆ నాలుగడుగులు నడిచినగాని పిమ్మటి నాలుగడుగులు కనబడవు. చేను వరకు వెలుగు పరచుకొన్న పిదపనే ఇల్లు కదలెదనని యతడు భీష్మించినయెడల మడి యెండిపోవును.

రెండవది, ఒకరి గమ్యమును మరియొకరు అరువు తెచ్చుకొనవచ్చునను తలంపు. ఎదురింటి పిల్లవాడు ఎం.పి.సి. తీసికొన్నాడు గనుక మనవాడును దానినే తీసికొనవలెను. మేనమామ కొడుకు అమెరికాకు వెళ్లెను గనుక మనవాడును వెళ్లవలెను. ఇట్లు నిర్ణయింపబడిన బిడ్డ తెల్లవారక మునుపు లేచి, రాత్రి పొద్దుపోవువరకు చదివి, రెండేండ్లు గడచిన పిమ్మట "ఇది ఎవరి కోరిక?" అని తన్నుతాను ప్రశ్నించుకొనును. అప్పటి దిగులు మొదటి "తెలియదు" అను దిగులుకన్న భారమైనది.

మూడవది మిక్కిలి ప్రమాదకరమైనది. ఒక్క పరీక్షాఫలితము మనుష్యుని విలువను తేల్చివేయునను తలంపు అది. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో కొన్ని తప్పులు దొరలినట్లు పిమ్మట విచారణలో బయటపడినది. తప్పులు లేని ఫలితమైనను ఒక ప్రాణమునకు తీర్పు చెప్పుటకు దాని కేమి అధికారము కలదు? ఫలము రాని ప్రశ్నను మరల వ్రాయుటకు అనుబంధ పరీక్ష కలదు. బడికి పోలేనివానికి సార్వత్రిక పాఠశాల కలదు. చేతిపనియందు నేర్పుగలవానికి ఐ.టి.ఐ.యు, పాలిటెక్నిక్కును కలవు. పోయిన ప్రాణమును తెచ్చుటకు మాత్రము ఏ ఏర్పాటును లేదు.

పై మాటలకు నిదర్శనముగా మన తెలుగుదేశమున ఒకే సంవత్సరమున, అనగా 1895లో, పుట్టిన ఇద్దరి చరిత్రను చూడుడు.

ఒకరు జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. చిన్ననాట చదువు వారికి అంటలేదు. పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశీయాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరిరట! తల్లి వెనుకకు రప్పించి బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము గట్టెక్కిరి. పిమ్మట సన్యాసము పుచ్చుకొనవలెననియు తలపోసిరి. ఇంతవరకు చూచినవారెవరైనను ఇతడు దిక్కులేక తిరుగుచున్నాడనియే చెప్పియుందురు. తుదకు మదరాసు వైద్యకళాశాలలో చేరి చదువుచుండగా సోదరులిద్దరు స్ప్రూ అను ప్రేగుల వ్యాధిచే కొలదిదినముల యెడముననే మరణించిరి. ఆ దుఃఖము వారి మనస్సునకొక ప్రశ్నను ఇచ్చెను: ఈ రోగమునకు మందేది?

1922లో వారు అమెరికాలోని బోస్టను నగరమునకు వెళ్లి, కూటికొరకు రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేయుచు హార్వర్డులో పరిశోధన సాగించిరి. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. హార్వర్డులో వారికి స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ అను మందుల సంస్థలో చేరిరి. అచట వారి నాయకత్వమున పనిచేసినవారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు పద్ధతిని 1945లో సాధించిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి ఆ మందు పనిచేసెను. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలునకు ఇచ్చు డై ఇథైల్ కార్బమజైనును ఆ ప్రయోగశాలనుండియే వచ్చెను. 1948లో తమ యేబదిమూడవ యేట వారు గతించిరి. నేడు మన బడులలో పిల్లలకు వారమునకొకమారు ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోకూడ ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. దానిని మ్రింగు బాలబాలికలలో ఎందరు, రెండుమార్లు పరీక్ష తప్పిన ఆ భీమవరపు పిల్లవానిని ఎరుగుదురు?

రెండవవారు అదే సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువగారు. పేదరికమొకవైపు, అంటరానితనపు అవమానము మరియొకవైపు వారిని బాల్యమునుండి వెంటాడెను. బ్రతుకుతెరువునకై చిన్నబడిలో పాఠములు చెప్పిరి. రాజమహేంద్రవరమున మూగ సినిమాలు ఆడుచుండగా కథను, సంభాషణలను ప్రేక్షకులకు వినిపించు వాచకుని పనియు చేసిరి. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కొన్నియేండ్లు బోధించిరి. పిమ్మట తెలుగు పండితులైరి, యుద్ధకాలమున ప్రచారకులైరి, మదరాసు రేడియోలోను పనిచేసిరి. ఉద్యోగములు ఇన్ని మారినను లోపలి పని మారలేదు. తనకు జరిగిన అవమానమును తన వంటి లక్షలమంది గోడుగా మార్చి పద్యమున చెప్పుటయే ఆ పని. 1941లో వెలువడిన గబ్బిలము అట్టిదే. 1964లో క్రీస్తుచరిత్రకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను.

ఈ యిద్దరి చరిత్రలలో మాకు రెండు సంగతులు కనబడుచున్నవి. మొదటిది, వారికి దిక్కును చూపినది వారి గాయమే. సోదరుల మరణము ఒకరికి, అవమానము మరియొకరికి దారిని తెలిపెను. మిమ్ము నిద్రపోనీయక బాధించు సంగతి ఏదియో దానిని తప్పించుకొని పారిపోక ఒక్కమారు నిదానముగా చూడుడు. మీ పని అచట ఉండవచ్చును. రెండవది, దారి తెలియకమునుపు వారు చేసిన పనులు వ్యర్థము కాలేదు. చీకటి కొట్టములో వందలమందికి వినబడునట్లు మాటలు పలికిన యనుభవము పిమ్మట సభలలో పద్యములు చదివిన కవికి ఉపకరింపకుండునా?

అయితే మహనీయుల కథలు చెప్పుటలో నొక చిక్కు కలదు. "నేను సుబ్బారావును కాలేను గదా, నా బ్రతుకునకు ప్రయోజనమేమి?" అని పిల్లవాడు మరింత క్రుంగిపోవచ్చును. కావున మరియొక మాట చెప్పవలెను. గాలివాన వెలిసిన రాత్రి స్తంభమెక్కి తీగలు కలుపు లైన్‌మాన్, ఎండనబడి పల్లెపల్లెకు తిరిగి పసిబిడ్డలకు టీకాలు వేయు నర్సు, బడిలో మధ్యాహ్న భోజనము వండి మూడువందలమంది పిల్లల ఆకలి తీర్చు ఆయమ్మ, వీరి పేరు ఏ పుస్తకమునందును లేదు. వారు ఒక్కదినము పనికి రాకున్నచో మాత్రము ఊరంతటికి తెలియును. జీవితమునకు ప్రయోజనమనగా ఇదియే: మన పనివలన ఒకరి దినము సులువగుట. పేరు వచ్చుటయు రాకపోవుటయు వేరు సంగతి.

ఇక ఆచరణకు వత్తము. దిక్కు తోచని విద్యార్థులకు మేము చెప్పునవి నాలుగు మాటలు.

"నేను ఏమగుదును?" అను ప్రశ్నను కొంతకాలము ప్రక్కనబెట్టి "ఈ వారము నేను ఎవరికి పనికివత్తును?" అని అడుగుడు. మొదటిదానికి జవాబు ఏండ్లతరబడి దొరకకపోవచ్చును. రెండవదానికి సాయంకాలములోగా దొరకును.

చేపట్టిన చిన్నపనిని ముగింపుడు. సగము చదివి విడిచిన పుస్తకములు, నాలుగు దినములకే మానిన అభ్యాసములు మనస్సునకు తన శక్తిమీద తనకే నమ్మకము లేకుండ చేయును. ముగించిన పని చిన్నదైనను ఆ నమ్మకమును తిరిగి తెచ్చును.

కొంతకాలము వేచియుండుటకు వెరవకుడు. నారుమడినుండి పీకి నాటిన వరి మొదటి దినములలో వాడి పసుపుబారును. క్రొత్తగా చూచినవాడు చేను చచ్చినదనుకొనును. రైతు మాత్రము కలతపడడు. నీరు పలుచగా నిలిపి, మూన తిరుగువరకు కనిపెట్టుకొనియుండును. ఊరి బడి విడిచి పట్టణపు కళాశాలలో చేరిన పిల్లవాని మొదటి నెలలును అట్టివే.

ఒంటరిగా భారము మోయకుడు. తల్లికో, తండ్రికో, నమ్మకమైన ఉపాధ్యాయునికో మీ మనస్సులోని మాట చెప్పుడు. ఇంటివారితో చెప్పుకొనలేని రాత్రి వచ్చినయెడల, 2022లో ప్రభుత్వమువారు స్థాపించిన టెలి మానస్ కలదు. 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. జ్వరము వచ్చినప్పుడు వైద్యుని యొద్దకు పోవుట సిగ్గు కానట్లే ఇదియు సిగ్గు కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ బిడ్డ "తెలియదు" అన్నప్పుడు కోపపడకుడు; మీ జవాబును వాని నోట పెట్టకుడు. ఫలితములు వచ్చిన సాయంకాలము ఇంట అన్నము అన్నిదినములవలెనే వడ్డింపుడు. మార్కులనుగూర్చిన మాట మరునాడు మాటలాడవచ్చును. ఆ రాత్రి బిడ్డకు తెలియవలసినది తాను ఇంకను మీ బిడ్డయే యను సంగతి.

ఉపాధ్యాయులమైన మాకును ఒక విధి కలదు. బహుమతులిచ్చు దినమున మొదటి పదిమంది పేర్లు చదువుట సులభము. చివరి బల్లమీద కూర్చుండి ఎవరికిని కనబడని పిల్లవానికి ఏ పనియందు చేయి తిరుగునో కనిపెట్టుట కష్టము. చెట్లకు పాదులు త్రవ్వువాడు, చెడిపోయిన మోటారు బాగుచేయువాడు, చిన్నపిల్లల తగవులు తీర్చునది, వీరికి సంవత్సరమున కొకమారైనను "ఇది నీకు బాగుగా వచ్చును" అని మేము చెప్పవలెను. ఆ యొక్కమాట వారిని ఎంతదూరము నడిపించునో చెప్పజాలము.

వేసవి సెలవులు వచ్చుచున్నవి. ఇంట ఖాళీగానుండి దిక్కుకొరకు వెదకుటకంటె, ఈ సెలవులలో మరియొకరికి ఉపయోగపడు పని నొక్కదానిని ఎన్నుకొని ప్రతిదినమును ఒక గంట చేయుడు. పొరుగింటి చిన్నవారికి ఎక్కములు నేర్పుడు. ముసలితాతకు వార్తాపత్రిక చదివి వినిపింపుడు. తండ్రి అంగడిలో లెక్కలు వ్రాయుడు. బడి తెరచిన దినమున వచ్చి, అందులో మీకు ఏది ఇష్టమైనదో, ఏది విసుగైనదో మాతో చెప్పుడు. తక్కినది కలిసి ఆలోచింతము.